నలభై రెండు డిగ్రీల తొట్టి

ముప్ఫై ఎనిమిది డిగ్రీల తొట్టిలో
మోకాళ్ళ నొప్పులూ, మనవరాళ్ళ పాలపళ్ళూ.
నలభై రెండులో పార్లమెంటు.
నలభై నాలుగులో ఎవరూ మాట్లాడరు.
దిగినవాడు దిగినట్టే పళ్ళు బిగించి
నెత్తిన పడే మంచుని లెక్కపెట్టుకుంటాడు.

రెండు గంటలకోసారి క్లోరిన్ చూడడం నా పని.
ఐస్‌లాండ్ పటం మీద వేలు పెడితే
వేలి కిందే దాగిపోయే ఊరు మాది.
గొంతులు మటుకు దాగవు.
ఆవిరిలో మనిషి కనపడకపోయినా
మాట నీటి మీద జారుకుంటూ నా బకెట్ దాకా వస్తుంది.

ఈ వారమంతా ఒకటే గొడవ.
పడవ పడవకీ కెమెరా పెడతారట,
వలలో పడ్డ చేపల్ని యంత్రం లెక్కేస్తుందట,
చిన్నవని తిరిగి సముద్రంలో పారేస్తే జరిమానా అట.

"అంటే అన్నానంటారు గానీ" అని మొదలెట్టాడు సిగ్వాల్ది,
ముప్ఫై ఏళ్ళు ట్రాలర్ మీద బతికి
రెండు వేళ్ళు దానికే వదిలేసి వచ్చినవాడు.
"రాత్రిపూట ఏ చేప ఏదో చూస్తే తెలియదు,
పట్టుకుంటే తెలుస్తుంది. దానికి చేతులున్నాయా?"

"తప్పు చేయనివాడికి భయమెందుకు?"
తపాలా ఆఫీసు హ్రాఫ్న్‌హిల్దుర్.
ఎవరింటికి ఏ పార్సెల్ ఎక్కణ్ణించి వచ్చిందో
ఊరంతటికీ చెప్పే హ్రాఫ్న్‌హిల్దుర్.

రాజ్యాంగంలో దీనికో అధికరణం ఉందన్నాడు
బడి పంతులు ఏయోల్ఫుర్.
ఎన్నోది అని అడిగేలోగా
ముక్కు దాకా మునిగాడు.

"ఆ కంపెనీ మంత్రిగారి బావమరిదిది."
"బావమరిది కాదు, తోడల్లుడు."
"తోడల్లుడైతే మరీ ఘోరం."

అప్పుడు మూలనున్నావిడ,
మేనత్త ఇల్లు అమ్మడానికి రాజధాని నుంచి వచ్చిన సోల్‌రూన్,
తడి జుట్టు వెనక్కి తోసుకుని
"ఆ బిల్లు టైపు చేసింది నేనే" అంది.
"జరిమానా అన్న మాట అందులో లేదు.
ఇరవై మూడో పేజీ చూసుకోండి."

బుడగల చప్పుడు.
కొండ మీద ఎక్కడో మంచు తోడే బండి.
సిగ్వాల్ది చాలాసేపు ఆలోచించాడు.
"లేకపోతే ఉండాల్సింది" అన్నాడు,
"ఇంత మాట్లాడాక."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.
ఒక్కరూ ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోలేదు.

సరిగ్గా వాళ్ళ తలల మీద, దీపస్తంభానికి,
కోడిగుడ్డంత నల్లటి కెమెరా.
మునిగిపోయే మనిషిని కనిపెట్టడానికని
మొన్న శరత్కాలంలో మునిసిపాలిటీ పెట్టింది.
దాని గురించి ఈ తొట్టిలో
ఇప్పటిదాకా ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు.

బెర్సీ ఉన్నాడు చూడండి,
ఏ తొట్టిలోకీ రాడు.
చీకటి పడ్డాక పెద్ద కొలనులో వెల్లకిలా తేలుతాడు,
చెవులు నీళ్ళలో, చేతులు చాపి, కళ్ళు మూసుకుని,
వేలు కూడా కదపడు.
పోయాడనుకుంటుంది యంత్రం.
నా మణికట్టు గిలగిలా కొట్టుకుంటుంది.
చేతిలో ఏముంటే అది పారేసి పరుగెత్తుతాను,
మంచులో, రబ్బరు చెప్పులతో, ఒకసారి చెప్పుల్లేకుండా.
కళ్ళు తెరవకుండానే ఒక చెయ్యి పైకెత్తి
"ఇంకా లేదు" అంటాడు.

కంపెనీ కుర్రాడు ఫోన్ చేశాడు.
ఆ ముసలాయన్ని గుర్తుపట్టడం నేర్పిస్తాం,
ఇక ఆయనకి మోగదు, సంతకం పెట్టండి చాలు అని.
ఆలోచించి చెప్తానన్నాను.
రెండు నెలలైంది.
ఆ కాగితం క్లోరిన్ డబ్బా కింద ఉంది,
ఒక అంచు తెల్లబడిపోయింది.

రాత్రి పదింటికి తొట్ల మీద మూతలు లాగి
పుస్తకంలో రాస్తాను:
క్లోరిన్ ఇంత. గాలి ఇటునుంచి.
పరుగులు: రెండు.
(పరుగులకు గడి లేదు, నేనే గీసుకున్నాను.)
విశేషాలు: ఏమీ లేవు.